వీధి చివరిదాకా

మా ఇంట్లో వీధి తలుపు తాళంచెవి వంటగదిలో, పొయ్యి పక్కన గోడకు కొట్టిన మేకుకు వేలాడుతూ ఉంటుంది. పొట్టిదాన్ని, నాకే చెయ్యి అందుతుందంటే ఇక అందనిది ఎవరికి? ఆ మేకు కొట్టింది పెద్దమ్మ. నాకూ ఆవిడకూ చుట్టరికమేమీ లేదు. ఇల్లు అద్దెకు తీసుకున్నది ఆవిడ. ఒకప్పుడు మాలాగే ఈ పనిలో బతికింది, ఇప్పుడు వయసు పైబడి మాకు వంట చేసి పెడుతోంది. లోకం దీన్ని ఒళ్ళమ్ముకోవడం అంటుంది. ఆ మాట నాకు గిట్టదు. అమ్మితే కొన్నవాడు పట్టుకుపోవాలి కదా. నా ఒళ్ళు నా దగ్గరే ఉంది, మోకాళ్ళ నొప్పులతో సహా.

నన్ను ఇంట్లో రేడియో అంటారు. ఎందుకో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

తాళంచెవి సంగతి చెప్పాలి. పెద్దమ్మను వయసులో ఉన్నప్పుడు సొంత బావే తీసుకొచ్చి అమ్మేశాడు. పనిప్పిస్తానని చెప్పి తెచ్చాడు. ఆ ఇంటి తలుపులకు గడియ బయట ఉండేది. కిటికీలోంచి కనిపించే వీధి చివర ఏముందో ఆవిడకు ఏళ్ళ తరబడి తెలియలేదట. ఏముందిలే, బస్సులు ఆగే చోటు. బస్సుల చప్పుడు వింటూ, అవి ఎక్కడ ఆగుతాయో తెలియకుండా అన్నేళ్ళు గడిపింది. అందుకే తన ఇంటికంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. కొత్తగా ఎవరైనా వస్తే, వెంట వచ్చినవాళ్ళను గుమ్మం దగ్గరే ఆపి పంపించేసేది. వచ్చిన మనిషిని వంటగదిలో ఒంటరిగా కూర్చోబెట్టి వయసెంత, ఎందుకొచ్చావు, ఇంకేం పని చేతనవును అని అన్నీ అడిగేది. చిన్నపిల్ల అని ఏ కాస్త అనుమానమొచ్చినా ఇంట్లో ఉంచుకునేది కాదు, దగ్గరుండి వెనక్కి చేర్చేది. అన్నీ అయ్యాక మేకు మీది తాళంచెవి తీసి చేతిలో పెట్టేది.

"తలుపు తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళు. అక్కడ బస్సులాగుతాయి. రావాలనిపిస్తే రా. లేదంటే బస్సెక్కు. తాళంచెవి పోయినా పర్లేదు, ఇంకోటి చేయించుకుంటా."

కొందరు వచ్చేవారు, కొందరు వచ్చేవారు కాదు. రానప్పుడల్లా తాళాలు బాగుచేసే ఆయన దగ్గర కొత్తది చేయించాల్సి వచ్చేది. "మీ ఇంట్లో తాళంచెవులు నంజుకు తింటారా ఏమిటమ్మా?" అనేవాడు ఆయన. "అవును బాబాయ్, నీ చేత్తో చేస్తే భలే రుచిగా ఉంటాయి" అనేదాన్ని నేను.

నేను వచ్చిన రోజు బస్సులాగే చోట బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. అంతకుముందు ఒక పెద్ద హోటల్‌వాళ్ళ దుప్పట్లు ఉతికే పని చేసేదాన్ని. బట్టల సోడా కలిపిన నీళ్ళకు చేతులు పుళ్ళు పడిపోయేవి. పైగా సూపర్‌వైజరు చేతులు ఒక చోట ఉండేవి కావు, వాణ్ణి ఊరికే సహించాలి. అన్నీ బేరీజు వేసుకున్నాను. తిరిగి వచ్చి తాళంచెవి మేకుకు తగిలించాను. ఇష్టపడి వచ్చావా అని ఎవరైనా అడిగితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. దుప్పట్లు ఉతికినన్నాళ్ళూ ఆ మాట ఒక్కరూ అడగలేదు.

ఆ అమ్మాయి వచ్చింది ఎండలు ముదిరిన రోజుల్లో. ఇరవై రెండేళ్ళని చెప్పింది, చూస్తే అలాగే ఉంది. వెంట ఒకాయన వచ్చాడు, నీటుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని. మేనమామనని చెప్పుకున్నాడు. మొగుడు వదిలేశాడని, తనే ఈ పనికి వస్తానందని, తాను తోడు వచ్చానంతేనని చెప్పాడు. పెద్దమ్మ ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

"మీరు వెళ్ళండి. మాట్లాడాల్సింది ఆ పిల్లతో."

వంటగదిలో ఆ అమ్మాయి ఏమడిగినా "ఊఁ" అనేది.

"నీ అంతట నువ్వే వచ్చావా?"

"ఊఁ."

"ఎవరైనా బలవంతం చేస్తే చెప్పు. ఇక్కడ భయం లేదు."

"ఊఁ."

"ఇదేం ఊఁ అమ్మా? అవుననా, కాదనా, వింటున్నాననా?" అన్నాను నేను. అప్పుడూ "ఊఁ" అంది. అలా ఆ పిల్ల మాకు ఊఁకొట్టమ్మ అయింది.

పెద్దమ్మ తాళంచెవి ఇచ్చింది. ఊఁకొట్టమ్మ తలుపు తీసుకుని వెళ్ళింది. నేను టీ గ్లాసులు కడిగి తుడిచేలోపే తిరిగొచ్చేసింది. తాళంచెవి సరిగ్గా ఆ మేకుకే తగిలించి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇంత తొందరగానా? బస్సులు కూడా చూసి ఉండదు" అన్నాను పెద్దమ్మ చెవిలో.

"వచ్చింది కదే" అంది పెద్దమ్మ. ఆ మాటతో ఆ రోజు అడగడాలు అయిపోయాయి.

తర్వాత కూడా ఆ పిల్ల అప్పుడప్పుడు తాళంచెవి తీసుకుని ఒంటరిగా వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేది. గాలి పీల్చుకోవడానికేమో అనుకున్నాం. ఎవరి జోలికీ పోయేది కాదు, పెట్టింది తినేది, నిద్రలో మాత్రం ఉలిక్కిపడి లేచేది. మనిషికో తీరు ఉంటుంది కదా అని ఊరుకున్నాం.

పోలీసులు వచ్చింది మధ్యాహ్నం. మాతో పాటు ఉండే మిగతా ఇద్దరమ్మాయిలూ బజారుకు వెళ్ళారు. ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం. వాళ్ళతో పాటు స్త్రీల రక్షణ సంస్థ అని రాసి ఉన్న చొక్కాలవాళ్ళు, వాళ్ళ వెనకాల ఫోటోలు తీసేవాళ్ళు. వచ్చీ రావడంతోనే ఇనప కడ్డీతో తలుపు పగలగొట్టారు. అప్పుడు ఆ తలుపుకు తాళం వేసి లేదు, గడియ కూడా పెట్టి లేదు.

"తోస్తే వచ్చేది కదా నాయనా" అన్నాను.

"భయపడకండి, మిమ్మల్ని కాపాడ్డానికే వచ్చాం" అన్నాడు కడ్డీ పట్టుకున్నవాడు.

పెద్దమ్మను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. మనుషుల అక్రమ రవాణా అని ఏదో చదివారు. రవాణా అంటే నాకు బస్తాల లారీ గుర్తొస్తుంది. పెద్దమ్మ జీపు ఎక్కుతూ వెనక్కి తిరిగి, "పొయ్యి మీద పాలున్నాయే, కట్టెయ్" అంది. కట్టేయడానికి నన్ను వెళ్ళనివ్వలేదు. మాడు వాసన వీధిలోకి వస్తుండగా మా ఇద్దరినీ వ్యాను ఎక్కించారు.

హోమ్ అంటారు ఆ చోటుని. ఎత్తు గోడలు, కిటికీలకు జాలీలు, మెట్ల దగ్గర ఇనప తలుపు. ఆ తలుపుకు తాళం బయట. హోమ్ చూసుకునే మేడమ్ నడుముకు గుత్తి ఉండేది, ఆవిడ ఏ అంతస్తులో ఉన్నదీ ఆ గలగలను బట్టి చెప్పేసేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఊఁకొట్టమ్మకు జ్వరమొస్తే తన శాలువా తెచ్చి కప్పింది. పొద్దున కుట్టు క్లాసు, మధ్యాహ్నం మంచి మాటల క్లాసు. కుట్టు నాకు ముందే వచ్చు. మంచి మాటలు ఎంత నేర్పినా రావు.

ఒకరోజు మేడమ్ నన్ను తన గదికి పిలిచి కుర్చీ చూపించింది.

"ఆ ముసలావిడ నిన్ను మోసం చేసి తెచ్చిందని జడ్జి గారి ముందు ఒక్క మాట చెప్పు చాలు. నిన్ను బాధితురాలిగా రాసుకుంటారు. తొందరగా వదిలేస్తారు."

"నేనే వచ్చానండీ."

"ఎవరూ తమంతట తాము ఇలాంటి పనికి రారమ్మా. వచ్చామనుకుంటారంతే."

"మరి మీరు ఈ పనికి మీ అంతట మీరే వచ్చారా?"

మేడమ్ నవ్వింది. "మా నాన్నగారు పోతే ఇల్లు గడవక చేరాను."

"నేనూ ఇల్లు గడవకే చేరానండీ."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కోపం తెచ్చుకోలేదు, పాపం. "నిన్ను బయటికి పంపిస్తే మళ్ళీ అక్కడికే వెళ్తావు. తెలిసి తెలిసి ఎలా పంపను?" అంది.

"వెళ్తానో లేదో నా ఇష్టం. పంపడానికి మీరెవరు, ఉంచడానికి మీరెవరు?" అనేశాను. నా నోరు ఎప్పుడూ ఇంతే. ఆ సాయంత్రం నుంచి నన్ను డాబా మీదికి కూడా పోనివ్వలేదు.

నాకు నా గురించి దిగులు లేదు. ఎప్పటికైనా వదలక తప్పదు. దిగులల్లా పెద్దమ్మ గురించే. నేను చెప్పకపోయినా ఊఁకొట్టమ్మ చెప్పేస్తుందేమో. ఆ ముసలావిడే నిన్ను బంధించింది కదా అని అడిగితే ఈ పిల్ల ఊఁ అంటుంది. ఆ ఒక్క ఊఁతో పెద్దమ్మ మిగిలిన బతుకంతా జైల్లో గడిచిపోతుంది.

విచారణకు ముందు రోజు మేడమ్ కుట్టు క్లాసులోకి సంతోషంగా వచ్చింది.

"నీ మేనమామ వచ్చాడమ్మా," అంది ఊఁకొట్టమ్మతో. "పాపం ఎక్కడెక్కడో వెతికాడట. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. రక్తసంబంధీకులకైతే అప్పగించడం తేలిక. రేపు జడ్జి గారు అడిగినప్పుడు వెళ్తానని చెప్పు, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు."

"ఊఁ" అంది ఊఁకొట్టమ్మ. చేతిలో సూది వేలిలోకి దిగింది. గుడ్డ మీద రక్తం పడుతున్నా చూసుకోలేదు.

బట్టలు ఉతికే కుళాయిల దగ్గర పట్టుకున్నాను. "ఏంటే? ఇంటికెళ్తున్నానని సంతోషమా, ఏడుపా?"

నీళ్ళు బకెట్ నిండి పొర్లుతున్నా కట్టలేదు. నీళ్ళ వైపే చూస్తూ చెప్పింది.

"ఆ రోజు పెద్దమ్మ తాళంచెవి ఇచ్చింది కదక్కా. వీధి చివరిదాకా వెళ్ళా."

"వెళ్ళావు. వచ్చేశావు."

"అక్కడ మావయ్య నిలబడి ఉన్నాడు."

"వీధి చివరా?"

"బస్సులాగే చోటే. బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చెల్లి నర్సింగ్ చదువుతోందక్కా, మావయ్య వాళ్ళింట్లోనే ఉంటూ. నువ్వు వెనక్కి వెళ్ళకపోతే నీ బదులు దాన్ని తీసుకొస్తా అన్నాడు. అందుకే వచ్చేశా. తర్వాత ప్రతిసారీ వెళ్ళి నా దగ్గరున్నదంతా ఆయన చేతిలో పెట్టి వచ్చేదాన్ని."

కుళాయి నేనే కట్టాను. తాళంచెవి చేతిలో పెడితే స్వేచ్ఛ ఇచ్చేశామనుకున్నాం మేము. తిరిగొస్తే చాలు, తన ఇష్టమేనని నమ్మేశాం. ఇన్నేళ్ళలో ఎంతమంది ఆ వీధి చివరినుంచి అలా తిరిగొచ్చారో.

"రేపు నేను చెప్తా జడ్జికి. వాడి బండారం బయటపెడతా."

"వద్దక్కా."

"వద్దేంటే? వాడితో పోతావా?"

"మావయ్య నా తరఫున మాట్లాడాడు. ఇక్కడ మేడమ్ నా తరఫున మాట్లాడుతోంది. ఇప్పుడు నువ్వు కూడానా?"

ఆ పిల్ల నోట అంత గట్టి మాట వినడం అదే మొదటిసారి. మరి నువ్వు చెప్తావా అని అడిగితే, "తెలీదు" అంది. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. నేను చెబితే, ఒక పిల్లను బలవంతాన తెచ్చి మా ఇంట్లో పెట్టారని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. ఇల్లు పెద్దమ్మది. చెప్పకపోతే ఈ పిల్ల మళ్ళీ వాడి చేతిలో పడుతుంది, ఈసారి కోర్టువాళ్ళే అప్పగించినట్టు అవుతుంది.

మర్నాడు కోర్టు వరండాలో పెద్దమ్మను చూశాను. చిక్కిపోయింది. పక్కన పోలీసమ్మ ఉంది. ఊఁకొట్టమ్మ దూరంగా మేడమ్ పక్కన కూర్చుని ఉంది. ఆ మేనమామ కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మేడమ్‌కు వంగి వంగి నమస్కారాలు పెడుతూ.

నేను పెద్దమ్మ చెవిలో అంతా చెప్పేశాను. వీధి చివర ఎవరున్నారో చెప్పాను.

ఆవిడ గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంది. పెద్దమ్మ ముఖం అంత వాడిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు, జీపు ఎక్కించినప్పుడు కూడా.

"తాళంచెవి ఇస్తే చాలనుకున్నానే," అంది చివరికి. "నాకు ఇచ్చినవాళ్ళు లేరు కదా. అది చేతిలో ఉంటే ఇంకేం కావాలి అనుకున్నా. ఒక్కసారి నేను కూడా వెనకాల వెళ్ళి చూసుంటే..."

"ఇప్పుడేం చెయ్యను? నేను చెబితే నీకు ప్రమాదం. చెప్పొద్దని ఆ పిల్ల అంటోంది."

"నా సంగతి వదిలెయ్. ముందు దాన్ని చెప్పనీ. అది ఊఁ అందంటే అప్పుడు నువ్వు అరువు. నేనూ అరుస్తా."

లోపలికి పిలిచారు. చిన్న గది, పాత ఫ్యాను. జడ్జి గారు ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల పైనుంచి చూసే పెద్దావిడ. ఏవో చదివారు, ఏవో అన్నారు. తర్వాత ఊఁకొట్టమ్మను ముందుకు రమ్మన్నారు.

"ఈయన నీ మేనమామేనా?"

"ఊఁ."

"నిన్ను ఇంటికి తీసుకెళ్తానంటున్నాడు. ఈయనతో వెళ్తావా?"

ఫ్యాను తిరుగుతోంది. మేనమామ నవ్వు ముఖం పెట్టి తల ఊపుతున్నాడు, చంటిపిల్లకు ముద్ద తినిపిస్తూ నోరు తెరువు అన్నట్టు. నేను పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు నోరు మూసుకున్నది అదొక్కసారే.

"వెళ్తావా అమ్మా?" మళ్ళీ అడిగారు జడ్జి గారు.

"ఊహూఁ."

చాలా చిన్నగా అంది. అయినా గదిలో అందరికీ వినిపించింది.

"ఎందుకు?"

ఊఁకొట్టమ్మ తల దించుకుంది. జడ్జి గారు పెద్దమ్మను చూపించారు. "ఈవిడ నిన్ను ఇంట్లో పెట్టి తాళం వేసిందా?"

"లేదండీ. తాళంచెవి నా చేతికే ఇచ్చింది. వెళ్ళిపోవాలంటే వెళ్ళిపొమ్మంది."

"మరి ఎందుకు వెళ్ళిపోలేదు?"

ఊఁకొట్టమ్మ అప్పుడు తలెత్తింది. చెయ్యి చాపి ఇస్త్రీ చొక్కాను చూపించింది.

"వీధి చివర ఈయన ఉన్నాడు."

అక్కడినుంచి చెల్లి సంగతి, పనిప్పిస్తానని తెచ్చిన సంగతి, అన్నీ తనే చెప్పింది. మధ్యలో ఆగితే ఎవరూ అందించలేదు. మేనమామ తలుపు వైపు నాలుగడుగులు వేశాడు గానీ పోలీసమ్మ అడ్డం నిలబడింది.

పెద్దమ్మ అడగకుండానే లేచింది. ఆవిడ తరఫు లాయరు కూర్చోమని సైగ చేస్తున్నా వినలేదు. "నా ఇంట్లోనే ఈ పిల్లకి అన్యాయం జరిగిందమ్మా. నేను తీసుకురాలేదు, బంధించలేదు. కానీ వీధి చివరిదాకా చూళ్ళేదు. ఆ తప్పు నాదే" అంది. ఆ ఒక్క మాట కేసులో మా మీదికే తిరగబడుతుందని లాయరు తర్వాత తల పట్టుకున్నాడు.

జడ్జి గారు కాసేపు ఏదో రాసుకుని ఊఁకొట్టమ్మతో అన్నారు, "నీ చెల్లెల్ని అక్కడినుంచి తెప్పించేదాకా హోమ్‌లో ఉండు. అక్కడ నీకు రక్షణ ఉంటుంది."

"అక్కడ తాళంచెవి ఎవరి దగ్గరుంటుందండీ?" అని అడిగింది ఊఁకొట్టమ్మ.

ఎగతాళి కాదు, తెలుసుకోవాలనే అడిగింది. మేడమ్ చెయ్యి నడుము దగ్గరి గుత్తి మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. జడ్జి గారు ఆవిడ వైపు చూశారు. నన్ను ఆ సాయంత్రమే వదిలేశారు. వయసొచ్చిన మనిషిని ఇష్టం లేకుండా ఉంచకూడదట. అదే మాట నేను గొంతు చించుకుని చెబితే డాబా మీదికి పోనివ్వలేదు.

పెద్దమ్మ బెయిలు మీద వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది, ఏమవుతుందో తెలియదు. పగిలిన తలుపుకు చెక్క వేయించాం. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ మునుపటి మనిషి కాదు. తాళంచెవి మేకుకు తగిలించడం మానేసి, కొంగున ముడి వేసుకుని తిరిగేది. నేను చూశాను, అడగడానికి నోరు రాలేదు.

ఒకరోజు పొద్దున్నే ఊఁకొట్టమ్మ వచ్చింది, తన పెట్టె తీసుకెళ్ళడానికి. చెల్లిని హాస్టల్లో చేర్చారట, తనను హోమ్ నుంచి పంపించారట. ఎక్కడికి వెళ్తావని నేను అడగబోయి నాలుక కరుచుకున్నాను. పెద్దమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూడలేక పొయ్యి వైపు తిరిగి మూడు గ్లాసుల టీ కలుపుతోంది.

ఊఁకొట్టమ్మ పెట్టె పట్టుకుని గోడ వైపు చూసింది. మేకు ఖాళీగా ఉంది.

"తాళంచెవేది పెద్దమ్మా?"

పెద్దమ్మ చెయ్యి కొంగు ముడి మీద పడింది. తను ఏం చేస్తోందో ఆవిడకు అప్పుడే తెలిసినట్టుంది. ముడి గట్టిగా బిగుసుకుపోయింది, పంటితో లాగి విప్పింది. తాళంచెవి తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టింది. ఎప్పుడూ చెప్పే మాటలు ఈసారి చెప్పలేకపోయింది.

"ఉండు, నేను ముందెళ్ళి వీధి చివర చూసొస్తా" అన్నాను నేను, చెప్పులు వేసుకుంటూ.

"వద్దక్కా. నేనే చూసుకుంటా."

గుమ్మం దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగింది. "వెళ్తాను పెద్దమ్మా" అంది. వెళ్ళొస్తానని అనకుండా ఎవరు గడప దాటినా తిట్టిపోసే మనిషి పెద్దమ్మ. ఆ రోజు మాత్రం "వెళ్ళమ్మా" అంది.

మేమిద్దరం వంటగదిలో కూర్చున్నాం. బస్సులు వస్తున్నాయి, ఆగుతున్నాయి, పోతున్నాయి. ఇల్లంతా వినిపిస్తూనే ఉంది. మూడో గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. గుమ్మంలో ఎవరి అడుగు చప్పుడు అయినా పెద్దమ్మ తల అటు తిరిగేది, పక్కింటివాళ్ళని తెలిసి మళ్ళీ ఇటు తిరిగేది. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి పాకింది.

చీకటి పడబోతుండగా పెద్దమ్మ లేచి ఆ టీ పారబోసింది. గ్లాసు కడిగి బోర్లించింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఆ తాళాలాయనకి కబురు పెట్టవే," అంది. "ఇంకోటి చేయించాలి."